పదిహేడో ప్రతివాది

నా దగ్గర ముప్పై లెక్కల పుస్తకాలున్నాయి, ఏడాదికి ఒకటి చొప్పున. విజయనగరం కోర్టు గోడ వారన రేకుల షెడ్డులో 1995లో జాబ్ టైపింగు మొదలుపెట్టిన నాటి నుంచి నేను కొట్టిన ప్రతి కాగితానికీ వాటిలో పద్దు ఉంటుంది. తేదీ, ఏ వకీలు తాలూకు, ఏ కాగితం, ఎన్ని పేజీలు, ఎంత వచ్చింది, ఎంత బాకీ. ‘బెయిలు పిటిషను, సారా, 3 పేజీలు, 9 రూపాయలు, బాకీ 4’. ఇదీ వరస. వకీలు గుమస్తాల దగ్గర బాకీలు రాబట్టుకోవడానికి రాసుకున్న పుస్తకాలవి. అంతకు మించి వాటి వల్ల ప్రయోజనం ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి నా చేత దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీకి దరఖాస్తు పెట్టించింది. ఈ వయసులో పరీక్ష ఫీజు కట్టడం కన్నా మోకాళ్లకు మంచి డాక్టరును చూసుకోవడం మేలని చెప్పినా వినలేదు. రెండో ఏడాదిలో నేరం, శిక్షల మీద ఒక పేపరు ఉంది. దానికో చిన్న ప్రాజెక్టు కూడా రాయాలి. సరే, నాకు వేరే ఏం తెలుసు కనక? అటక మీంచి పుస్తకాల మూట దింపాను. చెదలు పట్టలేదు కానీ 2003 పుస్తకాన్ని ఎలుకలు సగం తిన్నాయి.

ముందుగా పాఠ్యపుస్తకం గురించి ఒక మాట. తెలుగులోనే ఉంది గానీ తెలుగువాళ్ల కోసం రాసింది కాదు. ‘విచలన ప్రవర్తన అనగా ప్రమాణబద్ధమైన అపేక్షల నుండి వైదొలగు ప్రవర్తన’ అంటుంది. మా అత్తగారైతే రెండు మాటల్లో తేల్చేస్తుంది, ‘కట్టు తప్పడం’ అని. ముప్పై ఏళ్లు అచ్చుతప్పులు దిద్దిన అలవాటు కొద్దీ నేను పుస్తకమంతా పెన్సిలుతో దిద్దుకుంటూ చదివాను. అలా చదువుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఫ్రాన్సు దేశపు సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1895లో చెప్పిన మాట అది. నేరం సమాజానికి పట్టిన జబ్బు కాదట, ఏ సమాజంలోనైనా మామూలుగా ఉండేదేనట. అందరూ సాధువులే ఉన్న ఊరిని ఊహించుకోండి, అక్కడ హత్యలూ దొంగతనాలూ ఉండవు, కానీ మనం పట్టించుకోని చిన్న చిన్న పొరపాట్లే అక్కడ ఘోరాలైపోతాయి అంటాడు. దీనికి నాకు రుజువులేమీ అక్కర్లేదు. మా వీధిలో శుక్రవారం సత్సంగం జరుగుతుంది. పదేళ్లుగా ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోని మనుషులు. ఒక శుక్రవారం ఒకావిడ పులిహోర ప్రసాదం రెండోసారి పెట్టించుకుని డబ్బాలో వేసుకుంది. నెల రోజులు ఆ వీధికి అదే కేసు.

ఇక పుస్తకాలు.

1996 పుస్తకం తెరిస్తే సారా వాసన వస్తుంది. పేజీ తిప్పితే సారా బెయిలు, మళ్లీ తిప్పితే మద్యం సీసాల బెయిలు. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ మన రాష్ట్రంలో మందు తాగడమే నేరమైన కాలం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ గాలి మా నెల్లిమర్ల దాకా వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా మీద నిషేధం పెట్టారు. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తేసి సీసాలకు లైసెన్సులిచ్చారు, సారాను మాత్రం నిషేధంలోనే ఉంచారు.

1996లో వచ్చిన ఒకావిడ నాకు బాగా గుర్తు. గంట్యాడ వైపు ఊరు. అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యానుతో దొరికింది. ఎప్పుడూ ఉండే మాటలే: ‘నమ్మదగిన సమాచారం అందగా మధ్యవర్తులను వెంటబెట్టుకుని వెళ్లి’ అంటూ సాగే మధ్యవర్తుల నివేదిక, పొలిమేరలో బెల్లం ఊట పారబోసినట్టు ఇంకో ముక్క. వకీలు గారు ఇంగ్లీషులో రాసిచ్చిన పిటిషను నేను కొట్టాను. వేలిముద్ర వేసే ముందు ఆవిడ నన్ను అడిగింది.

“ఇందులో ఏమని రాశారు టైపమ్మా?”

లైసెన్సు లేకుండా సారా దగ్గర ఉంచుకున్నావని నీ మీద కేసు, నీకు ఆ సంగతి తెలియదనీ నిన్ను అన్యాయంగా ఇరికించారనీ మనం అంటున్నాం అని చెప్పాను.

“లైసెన్సు ఉంటే అమ్ముకోవచ్చా?”

లేదమ్మా, సారాకు లైసెన్సు ఎవరికీ ఇవ్వరు అన్నాను. “మరి లేకుండా అని రాయడం దేనికి?” అంది. నాకు జవాబు దొరకలేదు. వకీలు గారిని అడిగితే, నీ పని టైపు చేయడం అన్నారు.

రెండో మనిషి ఒక కుర్రాడు. రాయగడ వైపు నుంచి పాసింజరు బండిలో బ్రాందీ సీసాలు తెచ్చి స్టేషన్లో దొరికిపోయాడు. అది 1996. కేసు నత్తనడక నడిచింది. 1998లో ఒకరోజు వాయిదాకు వచ్చి నా షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఏమిటయ్యా సంగతి అంటే రోడ్డుకు అవతల చూపించాడు. అక్కడ కొత్తగా లైసెన్సు దుకాణం పెట్టారు. గాజు అరలో వాడు పట్టుబడిన రకం సీసాలే వరసగా నిలబడి ఉన్నాయి. “నేను వీడి కన్నా తక్కువకే ఇచ్చేవాణ్ని అక్కా” అన్నాడు. చట్టప్రకారం అందులో తికమక లేదు, చేసిన నాటికి అది నేరం కాబట్టి కేసు నడవాల్సిందే. ఆఖరికి ఒప్పుకుని జరిమానా కట్టాడు. ఆ జరిమానా కన్నా వాయిదాలకు తిరిగిన ఖర్చే ఎక్కువని చెప్పి వెళ్లాడు.

అదే సీసా, అదే ఊరు. 1994లో తప్పు లేదు, 1996లో జైలు, 1998లో ప్రభుత్వానికి ఆదాయం. డర్క్‌హైమ్ దీనికి ఒక మాట అంటాడు. నేరం కాబట్టి మనం ఒక పనిని గర్హించడం లేదు, మనం గర్హిస్తున్నాం కాబట్టే అది నేరమవుతోంది అని దాని సారం. చదవగానే ఆహా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న అంట్లు తోముతుంటే అనుమానం వచ్చింది. ఈ ‘మనం’ ఎవరు? మా అమ్మ సారాను గర్హించింది, మా నాన్న గర్హించలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. బట్వాడా రోజు ఆయన ఇంటికి వచ్చే దారిలోనే దుకాణం ఉండేది. అమ్మ ఆ ఉద్యమం రోజుల్లో కొంగు బిగించి ఊరేగింపులో నడిచింది. ఇలాంటి వాళ్లకు హోవర్డ్ బెకర్ అనే అమెరికా ఆయన 1963లో ఒక పేరు పెట్టాడు, నీతిని అమలు చేయించే పనిని నెత్తికెత్తుకునే వాళ్లని. కొంచెం వెటకారం ఉన్న పేరే. ఆ మాట అమ్మకు తెలుగు చేసి చెప్పాను. అమ్మ నన్ను కాసేపు చూసి, “సారా ఆగిన మొదటి రెండేళ్లూ మీ నాన్న జీతం ఇంటికి తెచ్చాడు, నీ టైపు ఫీజు కట్టింది దాంతోనే” అంది. ఆ అమెరికా ఆయనకు నెల్లిమర్లలో ఇల్లు లేదు మరి.

కానీ అదే అమ్మ కోరిన చట్టం కింద కేసుల్లో ఎక్కువగా చిక్కింది కూడా అమ్మలాంటి ఆడవాళ్లే అని నా 1996 పుస్తకం చెబుతుంది. మగ దిక్కు లేనివాళ్లు, పొలం లేనివాళ్లు, క్యాను మోసి రోజు గడుపుకునేవాళ్లు. క్యాను నింపి పంపిన వాడి పేరుతో నేను ఒక్క బెయిలూ కొట్టలేదు. ఈ రెండూ నిజమే. ప్రాజెక్టులో రెండూ రాశాను. ఏదో ఒకటి తేల్చండి అని మార్జిన్‌లో ఎర్ర సిరాతో వచ్చింది.

నేరం జాబితాలోకి వచ్చేవీ జాబితాలోంచి పోయేవీ చూడటానికి విజయనగరం కన్నా మంచి చోటు లేదేమో అనిపిస్తుంది. గురజాడ ఇంటి ముందు నుంచి నేను రోజూ నడుస్తాను. ఆయన తన నాటకానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లను మహారాజు రాయించగా 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసిగుడ్లు ముగ్గురు. పసిపిల్లలకు వెల కట్టి, చేతులు మారి, భోజనాలు కూడా పెట్టుకున్నారు. ఆ రోజున అది నేరం కాదు. మా అమ్మ పెళ్లి 1971లో, పదహారేళ్లకు. అదీ నేరం కాదు, అప్పటికి ఆడపిల్లకు చట్టం చెప్పిన వయసు 15. దాన్ని 18 చేసింది 1978లో. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చాక నా పుస్తకంలో కొత్త పద్దు మొదలైంది. ఇరవయ్యేళ్ల కుర్రాడు లోపల, పదిహేడున్నరేళ్ల పిల్ల బయట. వాడి బెయిలు కాగితం నేను కొడుతుంటే, బాధితురాలని అందులో రాసి ఉన్న ఆ పిల్ల వాడి కోసం టిఫిన్ డబ్బా పట్టుకుని నా షెడ్డులోనే కూర్చుని ఉంది. ఆ చట్టం అక్కర్లేదని నేను అనను. దాని కింద నేను కొట్టిన మిగతా కాగితాలు చదివిన వాళ్లెవరూ అనరు. ఆ డబ్బా పట్టుకున్న పిల్లను ఏ వరసలో రాయాలో మాత్రం నాకు తెలియలేదు.

మాటల గురించి కూడా చెప్పాలి, నాకు ఇది ఇష్టమైన భాగం. మన ఊళ్లలో ‘వాడొక పెద్ద కేడీ’ అంటాం కదా. అది తెలుగు తిట్టు అనుకునేదాన్ని. మద్రాసు రాజ్యంలో పోలీసులు పాత నేరస్థుల పేర్లు రాసుకున్న రిజిస్టరుకు పెట్టుకున్న రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలవి. ‘నోన్ డిప్రెడేటర్’, అంటే దోపిడీదారుగా తెలిసినవాడు. రిజిస్టరులోని మాట రచ్చబండకు వచ్చి తిట్టయింది. ‘ఫోర్ ట్వంటీ’ అయితే మరీ చిత్రం. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి అది సెక్షను నంబరు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి మోసం 318కి మారింది. నేను నా కంప్యూటర్‌లో పాత నమూనాలన్నీ దిద్దుకోవడానికి రెండు వారాలు పట్టింది. కానీ ఎవరినైనా ‘త్రీ ఎయిటీన్’ అని తిట్టగా విన్నారా? చట్టం మారినా తిట్టు మారదు. మనిషి మీద పడిన పేరు కూడా అలాగే. బెకర్ చెప్పిన అసలు సంగతి అదే. పని ఒకసారి చేస్తాడు, పేరు బతికినంత కాలం మోస్తాడు. మనుషుల సంగతి సరే, కులాలకు కులాలనే అలా రాసిపెట్టారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజ్యానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్లను తెచ్చి పెట్టిన స్టువార్టుపురం పుట్టింది అలాగే. ఆ చట్టం 1952కల్లా దేశమంతటా పోయింది. పేరు పోయిందా అంటే, ఎరుకల కుర్రాడి బెయిలు కొట్టిన రోజు నా షెడ్డు ముందు జనం అనుకునే మాటలు వినాలి.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మా అత్తగారు ఇద్దరు గేదెల మీద సంసారం ఈదిన మనిషి. ఇద్దరు అంటే తప్పే, గేదెలు రెండు అనాలి. కానీ ఆవిడ అలాగే అంటుంది, నాకూ అలవాటైంది. గేదెలు అమ్మిన డబ్బూ వితంతు పింఛనూ కలిపి మా పేటలో ఒక పెద్దమనిషి దగ్గర చిట్టీ వేసింది. మనవరాలి పెళ్లికని ఒక్క పాట కూడా పాడకుండా ఆఖరి నెల దాకా ఆగింది. ఆఖరి నెలకు నెల ముందు ఆయన తలుపుకు తాళం పడింది. పాతిక మందిమి కలిసి స్టేషనుకు వెళ్లాం. ఫిర్యాదు నేనే కొట్టాను, మోసం సెక్షనుతో, 1999 నాటి డిపాజిటుదారుల రక్షణ చట్టం పేరుతో సహా. “ఇది సివిల్ వ్యవహారం, కోర్టులో చూసుకోండి” అన్నారు. రసీదు కూడా ఇవ్వలేదు.

ఆరు నెలలకు ఒక గుమస్తా గారు నా షెడ్డుకు ఒక చిత్తుప్రతి తెచ్చారు. ఐపీ. దివాలా పిటిషను. 1920 నాటి చట్టం కింద, నా అప్పులు తీర్చే శక్తి నాకు లేదు, నన్ను దివాలాదారుగా ప్రకటించండి అని అప్పు పడినవాడు తానే కోర్టును అడిగే కాగితం. మా జిల్లాలో ‘ఐపీ పెట్టాడు’ అంటే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నేను అలాంటివి ఎన్నో కొట్టాను. ఇందులో అప్పు తీసుకున్నవాడు పిటిషనరు, అప్పిచ్చిన వాళ్లు ప్రతివాదులు. మొదటి షెడ్యూలులో ప్రతివాదుల పేర్లు, ఎవరికి ఎంత అన్న లెక్క ఉంటాయి. రెండో షెడ్యూలులో పిటిషనరు ఆస్తి. ఆ ఆస్తి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: ఒక నవారు మంచం, ఒక పాత సైకిలు, వంట పాత్రలు, ఒక చేతి గడియారం. ఇల్లు ఎప్పుడో భార్య పేర మారిపోయి ఉంటుంది.

వరస నంబరు పదిహేడుకు వచ్చేసరికి మా అత్తగారి పేరు.

మాటలు అంటే చదువుతాం, పేర్లు అంటే వేళ్లు వాటంతట అవే కొట్టుకుంటూ పోతాయి. సగం కొట్టేశాక తెలిసింది. పైకి వెళ్లి మొదటి పేజీ చూశాను, పిటిషనరు ఆయనే. గుమస్తా గారు టీ తాగుతున్నారు. ఆయనకు తెలియదు, మా అత్తగారి ఇంటిపేరు నేను పెట్టుకోలేదు కదా, నేను పెళ్లికి ముందు పేరుతోనే షెడ్డు నడుపుతున్నాను. ఇంకో విషయం, చిత్తుప్రతిలో ఆవిడ ఇంటిపేరు తప్పుగా ఉంది. ఒక్క అక్షరం. అలాగే వదిలేస్తే నోటీసు తిరిగొచ్చి, వాయిదా పడి, ఆయనకు రెండు నెలలు ఆలస్యమయ్యేది. దిద్దాను. ఎందుకు దిద్దానంటే చెప్పలేను. ముప్పై ఏళ్లు అచ్చుతప్పు ఉన్న కాగితం నా చేతి నుంచి బయటికి పోలేదు, అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. ఆ రోజు పద్దు ఇలా ఉంది: ‘ఐపీ, 11 పేజీలు, 330 రూపాయలు, ముట్టింది’.

ఎడ్విన్ సదర్లాండ్ అని ఒకాయన 1939లో అమెరికా సమాజశాస్త్రవేత్తల సభలో అధ్యక్షుడిగా నిలబడి, మీరు చదివే నేరాలన్నీ బీదవాళ్లవి, ఇస్త్రీ చొక్కాల వాళ్లు చేసేవాటిని నేరాల లెక్కలోనే వేయడం లేదు అన్నాడు. పదేళ్లకు దాన్నే పుస్తకం చేస్తే, అందులో కంపెనీల పేర్లు తీసేయమని అచ్చువేసే వాళ్లు పట్టుబట్టారట. పేర్లతో ఉన్న ప్రతి 1983లో గానీ బయటికి రాలేదు. నేనూ మా చిట్టీల పెద్దమనిషి పేరు రాయడం లేదు. నాకు షెడ్డు కావాలి.

ఇక్కడే నాకు ఈ చదువంతా ఒక్కసారి అర్థమైనట్టు అనిపించింది. అయిదు లీటర్ల క్యాను మోసిన ఆవిడ కింది అంతస్తులో క్రిమినల్ కోర్టులో ముద్దాయి. లక్షలు మింగినాయన పై అంతస్తులో సివిల్ కోర్టులో పిటిషనరు. ఇద్దరి మధ్యా ఉన్నది మెట్లే. ఎవరు ఏ అంతస్తుకు వెళ్లాలో నిర్ణయించేది చేసిన పని ఒక్కటే అయితే నా లెక్కల పుస్తకాలు వేరేగా ఉండేవి.

కోర్టు కాగితాలు అందించే అమీనా నోటీసు తెచ్చిన రోజు మా వీధంతా చూసింది. డెబ్భై ఆరేళ్ల బతుకులో మా అత్తగారి పేరు మీద కోర్టు కాగితం రావడం అదే మొదలు. వేలిముద్ర వేయించుకుని ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రానికి ‘ఆవిడకు కోర్టు నుంచి ఏదో వచ్చిందట’ అని వీధి చివర దాకా పాకింది. పక్కింటావిడ వచ్చి, ఎవరితోనైనా గొడవ పడ్డారా అని మెల్లిగా అడిగింది. డబ్బు పోయింది ఆవిడది, మాట పడింది కూడా ఆవిడే. ఆ వారం సత్సంగానికి కూడా వెళ్లలేదు.

రాత్రి భోజనాల దగ్గర నన్ను అడిగింది. “మా ఊళ్లో అయితే పెద్దలు కూర్చుని తప్పు కట్టించేవాళ్లు. ఇక్కడ నన్ను రమ్మంటారేమిటి?”

ఆవిడ పుట్టింది భోగాపురం వైపు సముద్రం ఒడ్డు పల్లె. తెలుగులో ‘తప్పు’కు ఉన్న ఈ రెండో అర్థం మా పాఠ్యపుస్తకంలో లేదు. తప్పు చేస్తాం, తప్పు కడతాం. చేసిన పనికీ కట్టే సొమ్ముకూ ఒకే మాట. ఎవరి వలో తెగ్గోస్తే వల ఖరీదు ఇవ్వాలి, దాని మీద పెద్దలకు తప్పు. ఆ తప్పు సొమ్ముతో అమ్మవారికి ఒక కోడి, మిగిలింది పెద్దల గొంతులోకి. పోయిన సొత్తు తిరిగిరావడం ముందు, దండన తర్వాత. డర్క్‌హైమ్ 1893లో దీన్ని తిరగేసి చెప్పాడు. పాత సమాజాల్లో చట్టమంతా దండించడమే, నష్టం పూడ్చే చట్టం ఎదిగిన సమాజాల్లో వస్తుంది అని. మా అత్తగారి పల్లెకు ఆయన వచ్చి ఉంటే బాగుండేది.

అయితే ఆ పల్లెను నేను మరీ మెచ్చుకోలేను. తప్పు కట్టనంటే వెలి. నిప్పు ఇవ్వరు, నీళ్లు తోడుకోనివ్వరు, పడవ ఎక్కించుకోరు. మా అత్తగారి చిన్నాన్న కూతురు వేరే కులపు అబ్బాయిని చేసుకుంటే ఆ ఇంటికి పదకొండేళ్లు వెలి. ఆ పిల్ల తండ్రి చనిపోతే మోయడానికి నలుగురు రాలేదు. ఆ పెద్దల్లో మా అత్తగారి తండ్రి ఒకడు. ఈ మాట ఆవిడే చెప్పింది, అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా.

శిక్ష గురించి చదివిన వాటిలో నా షెడ్డుకు బాగా అతికింది ఒకటుంది. మాల్కం ఫీలీ అనే ఆయన అమెరికాలో ఒక చిన్న కోర్టును పట్టుకుని కూర్చుని 1979లో రాశాడు. కింది కోర్టుల్లో అసలు శిక్ష తీర్పులో ఉండదు, తిరగడంలోనే ఉంటుంది అని. మా దగ్గర దాన్ని వాయిదా అంటారు. పొద్దున్న ఎనిమిదింటికి బస్సు ఎక్కాలి. ఆ రోజు కూలి పోతుంది. పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి భోజనానికి కూడా కదలకూడదు. పిలిచినప్పుడు లేకపోతే వారంటు. నాలుగున్నరకు ‘వచ్చే నెల’ అంటారు. నిర్దోషి అని తేలినా ఈ రోజులు ఎవరూ తిరిగివ్వరు. జైల్లో ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ పూర్తికాని వాళ్లే. నూటికి డెబ్భై అయిదుకు పైగా. ఏజెన్సీ నుంచి గంజాయి మూట మోసి దొరికిన కుర్రాళ్ల కాగితాలు ఈ మధ్య నా దగ్గరికి ఎక్కువ వస్తున్నాయి. కొందరికి బెయిలు వచ్చినా జామీను దొరకదు. ఇంటి పన్ను రసీదు ఉన్న ఇద్దరు మనుషులు ఆ కొండ మీది ఊళ్లో ఎక్కడి నుంచి వస్తారు? బెయిలు ఆర్డరు ఫైలులో ఉంటుంది, మనిషి జైల్లో ఉంటాడు.

నా లెక్కల్లో ఒక లోపం ఉందని వైవాలో అడిగారు, మీ శాంపిల్‌కు ప్రాతినిధ్యం ఉందా అని. లేదు సార్ అన్నాను. అవి జిల్లాలో జరిగిన నేరాల లెక్క కాదు, వకీలును పెట్టుకుని టైపుకు డబ్బివ్వగలిగిన వాళ్ల లెక్క. ప్రభుత్వం 1953 నుంచి ఏటా వేసే నేరాల పుస్తకం కూడా స్టేషన్లో నమోదైన వాటి లెక్కే కదా, అందులోనూ ఒక కేసులో నాలుగు నేరాలుంటే పెద్దది ఒక్కటే లెక్కకు వస్తుంది కదా అన్నాను. మా పాతిక మంది ఫిర్యాదు ఆ పుస్తకంలో ఉండదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మార్కులు మాత్రం బాగానే వేశారు.

మొదటి వాయిదాకు అత్తగారిని తీసుకెళ్లాను. పై అంతస్తుకు ఎక్కడానికి పావుగంట పట్టింది, మధ్యలో రెండుసార్లు మెట్ల మీద కూర్చుంది. పెద్దమనిషి కారులో వచ్చారు, తెల్ల చొక్కా. అత్తగారిని చూసి నమస్కారం కూడా పెట్టారు. ఆవిడ అలవాటు కొద్దీ లేచి నిలబడబోయింది, నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అటెండరు వరసగా పేర్లు పిలుస్తున్నాడు. పదిహేడో పేరు మూడుసార్లు పిలిచాడు. ఆవిడకు చెవులు సరిగా వినిపించవు. నేను భుజం తడితే ఒక్కసారి లేచి చేతులు జోడించి గట్టిగా అడిగింది.

“నేనేం తప్పు చేశాను బాబూ?”

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. మీరు తప్పేమీ చేయలేదమ్మా, కూర్చోండి, అన్నారు తెలుగులో. తర్వాత తల వంచి ఇంగ్లీషులో ఏదో రాసుకున్నారు.

వాయిదా వచ్చే నెలకు పడింది. ఈసారి మెట్ల మీద కూర్చోవడానికి తన పీట తెచ్చుకుంటానంటోంది.